విదేశీ యాత్రకు పాత ఫోర్‌బైఫోర్: వాదాలు, లెక్కలు, తేలనివి

నాలుగు చక్రాలూ లాగే బండి గురించి తుంగభద్ర ఎడమ కాలువ కింది క్యాంపుల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. 1953లో డ్యాం పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి, సింధనూరు పక్కనున్న గోరేబాళ వంటి ఊళ్ల చుట్టూ స్థిరపడిన తెలుగు రైతులకు నల్లరేగడి సంగతి తెలుసు. తడిసిన రేగడిలో ట్రాక్టరు దిగబడితే డిఫరెన్షియల్ లాక్ ఎప్పుడు తొక్కాలో, గట్టి నేల తగలగానే ఎందుకు వదిలేయాలో అక్కడ ఇరవై ఏళ్ల కుర్రాడు కూడా చెబుతాడు. పిల్లలు మెల్‌బోర్న్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడి, పొలం కౌలుకిచ్చి, కాస్త తీరిక చిక్కిన ఇంట్లో ప్రశ్న ఇంకోలా వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్‌బైఫోర్ కొని, దేశం దాటి నెలల తరబడి తిరిగి రావాలంటే ఏ బండి కొనాలి?

దీనికి దొరికే జవాబులు ఒకదానికొకటి పొసగవు. టయోటా తప్ప ఇంకోటి ముట్టుకోవద్దని ఒకరంటారు. సుత్తీ స్పానరూ ఉంటే బాగయ్యే జిప్సీయే నయమని మరొకరంటారు. ఇక్కడి బండి అక్కడికి ఎందుకు, అక్కడే కొనుక్కోమని ఇంకొకరు. అసలు ఫోర్‌బైఫోర్ దేనికని అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రతి వాదంలోనూ కొంత నిజముంది. అయితే అందరూ మొదలుపెట్టేది బండి పేరుతోనే. దారి, కాగితాలు, ఇంధనం అనే మూడు సంగతులు బేరానికి కూర్చోకముందే సగం బళ్లను పక్కన పెట్టేస్తాయి. ఆ మూడూ తేల్చుకోకుండా కంపెనీల మంచిచెడ్డలు ఎంత మాట్లాడుకున్నా లాభం లేదన్నది ఈ వ్యాసం నిలబడే చోటు.

వాదం ఎక్కడ మొదలైంది

రెండో ప్రపంచయుద్ధంలో పుట్టిన జీపు 1940ల చివరికల్లా మహీంద్రా చేతుల మీదుగా బొంబాయిలో తయారవడం మొదలైంది. బ్రిటన్‌లో ల్యాండ్ రోవర్ 1948లో, జపాన్‌లో ల్యాండ్ క్రూయిజర్‌కు మూలమైన బండి 1951లో వచ్చాయి. 1955–56లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి భారతదేశం, బర్మా మీదుగా సింగపూర్ దాకా నేల మీదే వెళ్లారు. దూరయాత్ర అంటే ఫోర్‌బైఫోర్ అన్న నమ్మకం బలపడింది ఇలాంటి యాత్రలతోనే. కానీ సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1957లో, లండన్ నుంచి కలకత్తాకు ‘ఇండియామ్యాన్’ అనే మామూలు బస్సు ప్రయాణికులను ఎక్కించుకుని నడిచింది. అంటే ‘ఫోర్‌బైఫోర్ కావాలా, అక్కర్లేదా’ అన్న తగాదాకు డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నాయి.

1979లో ఇరాన్ విప్లవం, అదే ఏడాది చివర అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాకతో ఆ పాత దారి తెగిపోయింది. మన దగ్గర కొనదగ్గ బళ్లు మాత్రం ఆ తర్వాతే ఒక్కొక్కటీ వచ్చాయి: 1985 చివర్లో మారుతీ జిప్సీ, 1998లో టాటా సఫారీ, 2002లో స్కార్పియో, 2009లో ఫార్చ్యూనర్, 2010లో థార్. 2016లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ తెరుచుకుని డీమ్యాక్స్ వీక్రాస్ బయటికొచ్చింది. ఈనాటి సెకండ్ హ్యాండ్ బజారులో చర్చంతా దాదాపు ఈ పేర్ల చుట్టూనే.

దారి ముందు, బండి తర్వాత

భారతదేశం నుంచి రోడ్డు మీద బయటపడే దారులు తక్కువ. పాకిస్తాన్ దారి యాత్రికుడి లెక్కలోకి రాదు. మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్ మీదుగా థాయ్‌లాండ్ చేరే దారి ఒకప్పుడు ఎంతోమందికి ఆశ చూపింది. 2021 ఫిబ్రవరిలో అక్కడి సైనిక కుట్ర, 2023 మే నుంచి మణిపూర్‌లో హింస ఆ ఆశను కుదించేశాయి. మిగిలింది నేపాల్ మీదుగా టిబెట్. రసువాగఢీ దగ్గర సరిహద్దు దాటి, చైనా అంతా అడ్డంగా కోసుకుని కిర్గిజ్‌స్తాన్‌లోనో కజఖ్‌స్తాన్‌లోనో తేలాలి. 2015 భూకంపం, 2025 జూలైలో రసువాగఢీ వంతెనను కొట్టుకుపోయిన వరద చూస్తే ఈ దారినీ గట్టిగా నమ్ముకోలేం.

ఇక్కడ బండి ఎంపికను నేరుగా శాసించే చిన్న సంగతి ఒకటుంది. చైనాలో విదేశీ బండి తిరగాలంటే ఏజెన్సీ ద్వారా అనుమతి, తాత్కాలిక నంబరు ప్లేటు, తాత్కాలిక లైసెన్సుతో పాటు వెంట గైడు ఉండాలి. దంపతులిద్దరు బయల్దేరితే మూడో సీటు గైడుది. రెండు డోర్ల జిప్సీలో వెనక పక్కబల్లల మీద ఒక మనిషిని రోజుల తరబడి కూర్చోబెట్టి, అక్కడే పరుపూ స్టవ్వూ పెట్రోలు క్యాన్లూ సర్దడం కుదిరే పని కాదు. జిప్సీ గొప్పదనం గురించి ఎంత చెప్పినా ఈ దారిలో దాని బేరం ఇక్కడే తెగిపోతుంది.

మూడో మార్గం ఓడ. ముంబయి నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కో, దుబాయ్‌లోని జెబెల్ అలీకో, ఆఫ్రికాలోని మొంబాసాకో బండిని కంటైనర్‌లో పంపుతారు. మామూలు కంటైనర్ తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు. ఫార్చ్యూనర్ ఎత్తే 1.8 మీటర్లు దాటుతుంది. దాని మీద క్యారియరూ, మడత డేరా పెట్టీ, కింద పెద్ద టైర్లూ వేస్తే తలుపు దగ్గరే ఆగిపోవచ్చు. బండిని అలంకరించే ముందు టేపుతో కొలవాల్సిన కొలత ఇది.

కాగితాలు: పాత బండికి అసలు బలం ఇక్కడే

విదేశానికి తాత్కాలికంగా బండి తీసుకెళ్లడానికి చాలా దేశాలు కార్నే అనే కస్టమ్స్ పుస్తకం అడుగుతాయి. బండి పాస్‌పోర్టు అనుకోవచ్చు. మన దేశంలో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంఘాలు దాన్ని ఇస్తాయి. గడువు ఏడాది. ప్రతి సరిహద్దులో లోపలికి వచ్చినట్టు ఒక ముద్ర, బయటికి వెళ్లినట్టు ఒక ముద్ర పడాలి. బయటి ముద్ర లేకపోతే బండిని అక్కడే అమ్మేశారని భావించి దిగుమతి సుంకం కట్టమంటారు. అందుకే ముందుగా పూచీ సొమ్ము కట్టించుకుంటారు. ఆ సొమ్ము వెళ్లే దేశాలను బట్టీ, బండి విలువను బట్టీ ఉంటుంది. సుంకాలు ఎక్కువ ఉన్న దేశాలు జాబితాలో ఉంటే అది బండి ధరనే మించిపోగలదు.

కొత్త బండి కొనే స్తోమత ఉన్నవాళ్లు కూడా పాతదే ఎందుకు వెతుకుతారో ఇప్పుడు అర్థమవుతుంది. నలభై లక్షల బండికి కట్టే పూచీ వేరు, ఎనిమిది లక్షల బండికి కట్టేది వేరు. ఎడారి మధ్యలో ఇంజిన్ సీజైపోతే ఎనిమిది లక్షల బండిని తలచుకుని ఏడ్చే ఏడుపూ వేరే. నా దృష్టిలో విశ్వసనీయత కంటే, మరమ్మతు సౌలభ్యం కంటే, సెకండ్ హ్యాండ్ వైపు ఉన్న అత్యంత బలమైన వాదం ఇదే. విచిత్రంగా చర్చల్లో తక్కువగా వినిపించేదీ ఇదే.

మిగతా కాగితాల్లో చాలామంది తట్టుకుని పడేది పేరు మార్పిడి దగ్గర. బండి సొంతదారు పేరున ఉండాలి, మీద ఫైనాన్స్ ఉండకూడదు. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బళ్లు బజారులో బోలెడు. ఫారం 35 పెట్టి ఆ పేరు తీయించకుండా ఇక్కడి నుంచి కదలకూడదు. పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద ఎన్‌వోసీ, 29, 30 మీద బదిలీ, ఆపై కర్ణాటకలో జీవితకాల పన్ను మళ్లీ కట్టడం. బంధువుల ద్వారా భీమవరంలోనో విజయవాడలోనో చవగ్గా దొరికిందని ఏపీ నంబరు బండి తెచ్చుకుంటే, కేఏ–36 కింద రాయచూరులో ఎక్కించుకునేసరికి ఆ చవక కరిగిపోవచ్చు.

ఢిల్లీ బళ్లది ప్రత్యేక కథ. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను రాజధాని ప్రాంతంలో తిప్పరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి పెద్ద డీజిల్ ఫోర్‌బైఫోర్లు తక్కువ ధరకు దక్షిణాదికి దిగుతూ వచ్చాయి. యాత్ర కోసం చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది వాటి వయసు. ప్రైవేటు బండి ఆర్సీ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపై ఐదేళ్ల చొప్పున రెన్యువల్. యాత్ర మధ్యలో ఆర్సీ గడువు తీరితే తాష్కెంట్‌లో కూర్చుని రాయచూరు ఆర్టీవో ఆఫీసు పని చేయించుకోవడం అయ్యేపని కాదు. కనీసం మూడేళ్ల గడువు మిగిలిన బండే చూడాలి.

బీమాకూ సరిహద్దులుంటాయి. మన పాలసీకి అదనపు ప్రీమియం కడితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వంటి పొరుగు దేశాల దాకా విస్తరిస్తుంది. ఆ అవతల ప్రతి దేశంలోనూ అక్కడి బీమా కొనాల్సిందే.

నాలుగు పక్షాలు

టయోటా పక్షం మాట సూటిగా ఉంటుంది: ఆఫ్రికా పల్లెలోనైనా, మధ్య ఆసియా కొండల్లోనైనా ఆ బండి తెలిసిన మెకానిక్, దాని ఫిల్టరు అమ్మే కొట్టు ఉంటాయి. మన దగ్గర బిడదిలో తయారైన ఫార్చ్యూనర్ ఈ కుటుంబంలోదే. మొదటి తరం 3.0 లీటర్ల ఫోర్‌బైఫోర్‌లో నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి, మధ్య డిఫరెన్షియల్‌ను లాక్ చేసుకోవచ్చు. ఈ పక్షం చెప్పని లోపం ఒకటుంది. ఆ 3.0 ఇంజిన్‌లో ఇంజెక్టర్ సీటు వాషర్లు లీకై, మసి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి, ఆయిల్ పీల్చే జల్లెడను పూడ్చిన ఉదంతాలు ఆస్ట్రేలియా నుంచి ఆఫ్రికా దాకా తెలిసినవే. వాషర్లు మార్చినట్టు బిల్లు చూపించలేని బండికి ధర తగ్గించి అడగడం న్యాయమే.

సాదా బండి పక్షం జిప్సీని, పాత థార్‌ని, ఫోర్స్ గూర్ఖాను ముందుకు తెస్తుంది. జిప్సీ బరువు సుమారు టన్ను. ముందూ వెనకా కమాన్ పట్టీలు, విరిగితే ఏ ఊరి కొలిమిలోనైనా అతికించవచ్చు. ప్రపంచమంతా సుజుకీ సామురాయ్‌గా తెలిసిన బండికి ఇది పొడుగు రూపం. 2007లో చిలీ బృందం ఆ సామురాయ్‌ని ఓహోస్ దెల్ సలాదో పర్వతం మీద 6,688 మీటర్ల ఎత్తుకు ఎక్కించింది. కానీ కొండ ఎక్కడం ఒకటి, రోజుకు నాలుగొందల కిలోమీటర్లు నెలల పాటు నడపడం ఇంకొకటి. 40 లీటర్ల ట్యాంకు, కమాన్ల కుదుపు, చెవులు గింగుర్లెత్తించే గాలి. యాభై దాటిన నడుముకు ఇది పరీక్షే. 2010 నాటి కామన్ రైల్ థార్ కాస్త ముందడుగు. దాని బలం మన దేశంలో ప్రతి తాలూకా కేంద్రంలో బాగుచేసేవాళ్లు ఉండటం. సరిహద్దు దాటాక ఆ బలం సగమవుతుంది. అయితే మహీంద్రా బళ్లు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఏళ్లుగా అమ్ముడవుతున్నాయి కాబట్టి అటు వెళ్లేవాళ్లకు స్కార్పియో కుటుంబం పూర్తిగా పరాయిది కాదు.

ఈ రెంటికీ నడుమ నిలిచేవి వీక్రాస్, ఎండెవర్. థాయ్‌లాండ్ ఇసుజు పికప్పులకు పుట్టిల్లు లాంటిది, ఆగ్నేయాసియాలో వీక్రాస్‌కు సామాను కొరత రాదు. ఫోర్డ్ 2021లో భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక ఎండెవర్ ధర జారింది. అదే బండి ఎవరెస్ట్ పేరుతో థాయ్‌లాండ్‌లో, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో తిరుగుతోంది. సొంత ఊళ్లో అనాథ అనిపించిన బండికి విదేశంలో చుట్టాలున్నారు. ఈ వైరుధ్యాన్ని బేరంలో వాడుకోవచ్చు.

మూడో పక్షం అక్కడే కొనమంటుంది. పిల్లలు ఆస్ట్రేలియాలో ఉంటే పాత ప్రాడో, అమెరికాలో ఉంటే ఫోర్‌రన్నర్, గల్ఫ్‌లో ఉంటే ల్యాండ్ క్రూయిజరో నిస్సాన్ ప్యాట్రోలో మనకంటే విస్తారంగా దొరుకుతాయి. ఓడ ఖర్చు ఉండదు. చిక్కల్లా రిజిస్ట్రేషన్‌తోనే. యూఏఈలో నివాస వీసా లేనివారి పేరు మీద బండి ఎక్కించరు. ఆస్ట్రేలియాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. పైగా ఆ బండి మీద ఎంత మమకారం పెంచుకున్నా ఇంటికి తెచ్చుకోలేం. మూడేళ్లు దాటిన వాడిన బండిని దిగుమతి చేసుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకోవు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. అమ్మి రావడమే గతి. ఒకే ఖండంలో మూడు నాలుగు నెలలు తిరిగేవారికి, అక్కడ నమ్మకమైన చిరునామా ఉన్నవారికి ఇదే చవకైన, తెలివైన దారి అని నేను అనుకుంటాను.

నాలుగో పక్షం ఫోర్‌బైఫోర్ వద్దంటుంది. వాళ్ల చేతిలో ఉన్న సాక్ష్యం చిన్నదేం కాదు. 2004లో మొదలైన మంగోల్ ర్యాలీలో చిన్న ఇంజిన్ల పాత కార్లు యూరప్ నుంచి మంగోలియా దాకా వెళ్లాయి. తజికిస్తాన్ పామీర్ దారిలో 4,655 మీటర్ల అక్‌బైతాల్ కనుమను కూడా వేసవిలో మామూలు కార్లు దాటుతాయి. నేల నుంచి ఎత్తు, గట్టి టైర్లు, రెండు స్టెప్నీలు ఉంటే చాలంటారు. తారు రోడ్డు యాత్రకు ఈ మాట ఒప్పుకోక తప్పదు. మంగోలియా గడ్డిభూముల్లో వాన పడిన రోజున, ఆఫ్రికా ఎర్రమట్టి దారుల్లో, లో గేరు లేని బండి ఎలా ఉంటుందో మాత్రం రేగడి నేల మనుషులకు వేరే చెప్పాలా?

ఇంధనం దగ్గర తిరగబడే లెక్కలు

డీజిల్ మైలేజీ ఇస్తుంది, లో గేరులో బాగా లాగుతుంది. చర్చ ఇక్కడితో ఆగితే సులువుగానే ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్–4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్–6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. డీజిల్‌లో గంధకం హద్దు బీఎస్–3లో పది లక్షల భాగాలకు 350, బీఎస్–4లో 50, బీఎస్–6లో 10. బీఎస్–6 డీజిల్ బండిలో మసిని పట్టి కాల్చే డీపీఎఫ్ ఉంటుంది, కొన్నిటికి పొగను శుద్ధిచేసే డెఫ్ ద్రవం కూడా పోయాలి. గంధకం ఎక్కువున్న డీజిల్ పడితే డీపీఎఫ్ పూడుకుపోతుంది, బండి వేగం చచ్చి కుంటుతుంది. దారిలో ప్రతి బంకులో శుభ్రమైన డీజిల్ దొరుకుతుందన్న హామీ లేదు. అందుకే దూరయాత్రకు కొత్త బండి కంటే 2020కి ముందు బీఎస్–4 బండికే మొగ్గు ఎక్కువ.

దీనికి ఎదురుదెబ్బలూ ఉన్నాయి. ఉజ్బెకిస్తాన్‌లో కార్లు ఎక్కువగా గ్యాస్ మీద నడుస్తాయి, డీజిల్ కోసం వెతుక్కోవాలి. ఇరాన్‌లో డీజిల్ లారీలకు కార్డు మీద ఇచ్చే సరుకు, యాత్రికుడు లారీ డ్రైవరును బతిమాలుకోవాల్సిన సందర్భాలుంటాయి. లండన్ చేరితే నగరమంతా విస్తరించిన కాలుష్య నియంత్రణ మండలంలో యూరో–6 అందుకోని డీజిల్ బండి రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. పెట్రోలుకు యూరో–4 చాలు. అంటే ఎడారిలో నెగ్గిన డీజిల్ నగరంలో ఓడుతుంది. ఒకే బండి రెండు చోట్లా నెగ్గే లెక్క ఇప్పటికి లేదు.

కొనేముందు కళ్లతో చూడాల్సినవి

బండి పేరు మీద జరిగే వాదనలో సగం శ్రద్ధ ఎదుటనున్న బండి మీద పెడితే మేలు. రాయచూరు ఎండలో పెరిగిన బండికి తుప్పు తక్కువ, రబ్బరు పైపులు, బుష్‌లు మాత్రం ఎండి పగులుతాయి. అవి మార్చుకోవచ్చు. సముద్రం పక్కన, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి పైన మెరుపున్నా కింద ఛాసిస్ తిని ఉండవచ్చు. అది మార్చలేం. కాబట్టి లిఫ్టు ఎక్కించి, ఛాసిస్ రైలు వెంట స్క్రూడ్రైవర్‌తో పొడుచుకుంటూ పోవాలి.

ఫోర్‌బైఫోర్‌కే ప్రత్యేకమైన పరీక్ష మెత్తని నేల మీద చేయాలి, కోత అయిన మడి చాలు. నాలుగు చక్రాల గేరు వేసి, తర్వాత లో గేరు వేసి, మెల్లగా నడిపి చూడాలి. ఏళ్లుగా ఆ గేరు వాడని బళ్లలో లివరు బిగుసుకుని ఉంటుంది, లేదా దీపం వెలుగుతుంది గానీ ముందు చక్రాలు లాగవు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో పట్టి తిప్పితే క్రాసుల్లో లూజు తెలుస్తుంది. వెనక డిఫరెన్షియల్ బోల్టు విప్పితే వచ్చే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే, ఆ బండి కాలువలోనో వరదలోనో మునిగిందన్నమాట. 2015 చెన్నై వరద, 2020 హైదరాబాద్ వరద తర్వాత మునిగిన బళ్లు ఎన్నో బజారుకొచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగున బురద మరక ఇప్పటికీ కనిపించవచ్చు. మీటరు తిప్పేశారేమోనన్న అనుమానానికి సర్వీసు రికార్డే మందు. రికార్డు లేని ఫార్చ్యూనర్ కంటే రికార్డు ఉన్న స్కార్పియో మేలు.

ఏ దారికి ఏది

నేపాల్, భూటాన్‌లకు పరిమితమైతే రికార్డున్న పాత థార్ సరిపోతుంది, వేరేది వెతకడం డబ్బు దండగ. చైనా, మధ్య ఆసియా మీదుగా యూరప్ అయితే కనీసం ఐదు సీట్లున్న బీఎస్–4 డీజిల్, అంటే రెండో తరం తొలి ఏళ్ల ఫార్చ్యూనర్, ఎండెవర్, బడ్జెట్ తక్కువైతే స్కార్పియో ఫోర్‌బైఫోర్. సఫారీ స్టార్మ్ హాయైన ప్రయాణమిస్తుంది గానీ 2019లో ఆగిపోయింది, విదేశంలో దాని సామాను ఆశించకూడదు. కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికాలకు ఓడలో పంపేటట్టయితే టయోటాకే ఓటు. అక్కడ మనలాగే ఎడమ పక్క నడపడం మరో సౌకర్యం. చైనా, ఇరాన్, మధ్య ఆసియా, యూరప్‌లలో ఎక్కువ భాగం కుడి పక్క నడుపుతారు కాబట్టి, రెండు వరసల రోడ్డులో లారీని దాటాలంటే పక్క సీటు మనిషి కళ్లే ఆధారం. అమెరికా, ఆస్ట్రేలియాలకు ఇక్కడి నుంచి బండి పంపడంలో నాకు అర్థం కనిపించదు.

తేలనివి

బీఎస్–6 డీజిల్ బండి డీపీఎఫ్ తీయించి, కంప్యూటర్‌ను ఏమార్చి తీసుకెళ్లమని సలహా ఇచ్చే వర్క్‌షాపులున్నాయి. అది చట్టవిరుద్ధం, యూరప్ తనిఖీలో దొరికితే యాత్ర అక్కడితో సరి. మరి గంధకం డీజిల్‌ను ఆ బండి ఎన్ని వేల కిలోమీటర్లు తట్టుకుంటుంది? యాత్రికుల అనుభవాలు రెండు రకాలుగానూ ఉన్నాయి. తయారీదారుల పుస్తకాలు మాత్రం శుభ్రమైన డీజిలే పోయమంటాయి. పెట్రోలు థార్, ఐదు డోర్ల జిమ్నీ ఈ చిక్కుకు విరుగుడని కొందరి వాదన. జిమ్నీ వచ్చింది 2023లోనే కనుక దూరయాత్రల్లో దాని మన్నికను తూచేంత కాలం ఇంకా గడవలేదు.

ఇంకోపక్క బీఎస్–4 బళ్ల నిల్వ ఏటేటా తరుగుతోంది. వాటి అమ్మకం 2020లో ఆగిపోయింది కాబట్టి చివరి బండికి కూడా 2035కల్లా పదిహేనేళ్లు నిండుతాయి. ఈ లోపు మంచి రికార్డున్న బళ్ల ధర పెరుగుతుందా, లేక దారిలోని దేశాల్లో డీజిలే శుభ్రపడి బీఎస్–6 బళ్లకు అడ్డు తొలుగుతుందా అన్నదాని మీదే వచ్చే పదేళ్లలో ఈ ఎంపిక ఆధారపడి ఉంటుంది.